మచ్చమ్మ మడుగు

అనగనగా, ఏరు సముద్రంలో కలిసేచోట, ఒక మడ అడవి ఉండేది. ఆ అడవిలో మచ్చమ్మ అనే బావురుపిల్లి ఉండేది. మామూలు పిల్లికి నీళ్ళంటే భయం కదా, బావురుపిల్లికి అదేం ఉండదు. నీళ్ళలోకి దూకి మరీ చేపలు పడుతుంది.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం బోలెడు ఇసుక తెచ్చి, ఏటి పాయ సముద్రంలో కలిసే మొగలో పోసింది. అక్కడ ఇసుక మేట వేసింది. సముద్రపు పోటు నీళ్ళు లోపలికి రావడం ఆగిపోయింది. లోపలున్న నీళ్ళు మచ్చమ్మ బొరియ ముందు మడుగులా నిలిచిపోయాయి. ఆ నీళ్ళతోపాటు చేపలు కూడా అక్కడే చిక్కుకుపోయాయి.

మచ్చమ్మకు పండగే పండగ. బొరియలోంచి చెయ్యి చాపితే చేప దొరికేది. తినేది, పడుకునేది, లేచి మళ్ళీ తినేది.

కొన్నాళ్ళకు సూరన్న అనే ముసలి పీత వచ్చాడు. వెనకాల ముట్టెయ్య అనే అడవిపంది, రేవమ్మ అనే నీటికుక్క ఉన్నారు.

"మచ్చమ్మా, పోటు నీళ్ళు అందక లోపలి మడ చెట్లు ఎండుతున్నాయి. మేట తవ్వి పాయ తెరుద్దామని అందరం అనుకున్నాం. నీ బొరియ దగ్గరే మేట పల్లంగా ఉంది. దారి ఇవ్వమ్మా" అన్నాడు సూరన్న.

"తవ్వితే నా చేపలన్నీ సముద్రంలోకి పోవూ? మరి నేనేం తినాలి?" అంది మచ్చమ్మ.

"పోటుతో కొత్తవి వస్తాయి కదక్కా" అంది రేవమ్మ.

"వచ్చేవి నాకు కనబడుతున్నాయా? ఉన్నవి పోవడం మాత్రం ఖాయం. నా గట్టు మీద కాలు పెట్టారంటే ఊరుకోను!" అని మచ్చమ్మ పళ్ళు బయటపెట్టింది.

వాళ్ళు వెళ్ళిపోయారు. అవతలి పక్క తవ్వి చూశారు. అక్కడ మేట బాగా ఎత్తు. వాళ్ళు తవ్విందంతా అలలు వచ్చి పూడ్చేశాయి. మళ్ళీ తవ్వారు. మళ్ళీ పూడిపోయింది. మచ్చమ్మ గట్టు మీద పడుకుని చూస్తూనే ఉంది.

ఎండాకాలం వచ్చింది. మడుగు కుంచించుకుపోయింది. నీళ్ళు కాగి కాగి ఉప్పు కషాయంలా అయ్యాయి. చేపలు వెల్లకిలా తేలడం మొదలుపెట్టాయి. మచ్చమ్మ వాటినే తింది. కడుపులో నొప్పి పుట్టి లేవలేకపోయింది.

కాస్త తేరుకున్నాక తిండి కోసం అడవి లోపలికి నడిచింది. అక్కడ ఎటు చూసినా ఆకు లేని మోళ్ళే. కాళ్ళ కింద బురద పెంకులా బీటలు వారింది. కొంగల గూళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఎదురుగా రేవమ్మ పిల్లల్ని వెంటేసుకుని వస్తోంది.

"ఎక్కడికే రేవమ్మా?"

"నీళ్ళున్న చోటికక్కా. ఎక్కడుందో తెలీదు. ఇక్కడుంటే పిల్లలు బతకరు."

రేవమ్మ చిన్నపిల్ల నడవలేక కూలబడుతుంటే మచ్చమ్మ చూసింది.

"ఆగు రేవమ్మా, వెళ్ళకు. దారి ఇస్తాను" అంది.

ఇద్దరూ సూరన్న దగ్గరికి వెళ్ళారు. ముట్టెయ్య మచ్చమ్మను చూసి బుస్సుమన్నాడు.

"నీ చేపలు చచ్చాక మేం గుర్తొచ్చామా?"

"నిజమే అన్నా. తప్పు నాదే" అంది మచ్చమ్మ, తల దించుకుని.

"కోపాలు తర్వాత పడదాం" అన్నాడు సూరన్న. "ఎల్లుండి అమావాస్య. పెద్ద పోటు వస్తుంది. ఈలోగా తవ్వలేకపోతే ఉన్న చెట్లు కూడా దక్కవు."

అందరూ పనిలోకి దిగారు. ముట్టెయ్య ముట్టెతో మేటను చీల్చాడు. నీటికుక్కలు తడి ఇసుక తోడి పోశాయి. పీతలు అడుగున బొక్కలు చేసి ఇసుకను గుల్ల చేశాయి. మధ్యలో మచ్చమ్మ బొరియ అడ్డొచ్చింది. ముట్టెయ్య ఆగి ఆమె వంక చూశాడు. మచ్చమ్మ ముందుకెళ్ళి తన బొరియను తన గోళ్ళతోనే కూలదోసింది.

అమావాస్య మధ్యాహ్నం పోటు వచ్చింది. మొదట సన్నటి ధార వాళ్ళు తవ్విన కాలువలోకి జారింది. తర్వాత కాలువ నిండింది. గట్లు విరిగిపడ్డాయి. నీళ్ళు హోరుమంటూ లోపలికి పరిగెత్తి, బీటలన్నీ నింపుకుంటూ చెట్ల మొదళ్ళ దాకా వెళ్ళాయి. రేవమ్మ పిల్లలు బుడుంగున దూకాయి.

పోటు తగ్గి ఆటు మొదలయ్యాక మడుగులో మిగిలిన చేపలు సముద్రంలోకి వెళ్ళిపోయాయి. మచ్చమ్మ వాటిని చూస్తూ నిలబడింది. ఆ పూట ఆమెకు తిండి లేదు. అప్పుడు రేవమ్మ ఒక చేపను తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"తిను అక్కా. రేపు నువ్వే పట్టుకుందువుగాని."

ఎండిపోయిన చెట్లు మళ్ళీ చిగురించలేదు. కానీ వానలు పడ్డాక, బతికిన చెట్ల కాయలు నీళ్ళలో తేలివచ్చి మోళ్ళ మధ్య బురదలో గుచ్చుకున్నాయి. మొలకలు లేచాయి. వాటిని తొక్కకుండా ముట్టెయ్య తన మందను చుట్టుదారిన నడిపించాడు. మచ్చమ్మ ఒక మోడు మొదట్లో కొత్త బొరియ తవ్వుకుంది.

ఒకప్పుడు మడుగులో దొరికినన్ని చేపలు ఆమెకు మళ్ళీ ఎన్నడూ ఒక్కపూటలో దొరకలేదు. అయితే ఏ రోజూ పస్తు పడుకోలేదు.

నీతి: అందరి నీటిని ఒక్కరే సొంతం చేసుకుంటే చివరికి ఎవరికీ మిగలదు, తీరాన్ని నమ్ముకున్నవాళ్ళంతా చెయ్యి కలిపితేనే తీరం బతుకుతుంది.