వేడి చేస్తుందన్న మాత్ర

అనగనగనగా, మన ఊరు కాదులే, కోట ఉన్న ఒక ఊళ్ళో రత్నమాంబ అనే రాణి ఉండేది. కోటంతా ఆవిడ మాటే చెల్లేది. ఆవిడ కోడలు కువలయ, బంగారంలాంటి పిల్ల. ఊ కొట్టండర్రా, లేకపోతే మీకంటే ముందు నేనే నిద్రపోతాను.

ఆ కువలయ నెల తప్పింది. కోటంతా పండగే! కానీ పిల్ల పొద్దెక్కినా లేవదు. లేవవేమే అంటే నీరసమంది. నీరసమేమే అంటే చలంది. మండుటెండల్లో చలేమిటే అంటే ఏమో అత్తయ్యా అని మళ్ళీ ముసుగు తన్నింది.

వైద్యురాలు మంగతాయి వచ్చి మెడ తడిమి, రక్తం పరీక్ష చేసింది. థైరాయిడ్ తక్కువైందమ్మా, తొలి నెలల్లో లోపలి బిడ్డ మెదడు ఎదగాలంటే అది తల్లి దగ్గర్నుంచే అందాలి, రోజూ పరగడుపున ఈ మాత్ర వేయండి, మానద్దు అని చెప్పి వెళ్ళింది. రాజుల కాలంలో మాత్రలెక్కడివని అడక్కురా చిట్టీ, నా కథలో ఉన్నాయి!

రత్నమాంబ ఏం చేసిందీ? కడుపుతో ఉన్నదానికి మాత్రలు వేడి చేస్తాయి, బిడ్డకి పడవు అని తీసి దాచేసింది. వాటి బదులు పొద్దున్నే సబ్జా నీళ్ళు, ఆ పైన బార్లీ జావ, ఆ పైన మజ్జిగ. చలవ మీద చలవ! అదంతా ప్రేమేనర్రా. అందుకే నాకు కడుపు తరుక్కుపోతుంది. కువలయ అత్తకి ఎదురు చెప్పలేక అన్నీ తాగింది.

నెలలు నిండకుండానే మగపిల్లాడు పుట్టాడు, బరువు తక్కువ. పాకడం ఆలస్యం, నడక ఆలస్యం, మాట మరీ ఆలస్యం. ఇది నావల్లేనా అని రాణి మంగతాయి చేతులు పట్టుకుని అడిగింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. దానివల్లేనని గట్టిగా చెప్పలేను, కాదనీ చెప్పలేను అంది. ఊ కొడుతున్నారా? ఆ మాట రాణిని జన్మంతా తినేసింది.

కువలయ మళ్ళీ నెల తప్పినప్పుడు రాణే తెల్లారకుండా లేచి మాత్రా నీళ్ళూ పట్టుకుని నిలబడేది. వైద్యులు ఇచ్చిన మందు వాళ్ళని అడక్కుండా మాన్పించకండే అని కనిపించిన అత్తగారికల్లా చెప్పేది. బొద్దుగా ఆడపిల్ల పుట్టింది. పిల్లాడూ పెద్దాడై గుర్రమెక్కాడు. అందరూ సుఖంగానే ఉన్నారు.

కాకపోతే వాడికి మాట తడుముకోవడం పోలేదు. ఎవరైనా తొందరపడి మాట అందించబోతే రాణి ఊరుకునేది కాదు. కొలువంతా కాచుకుని ఉన్నా సరే, మనవడి మాట పూర్తయ్యేదాకా కదిలేది కాదు. నీకెందుకు నానమ్మా ఇంత ఓపిక అని ఓనాడు వాడే నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని అడిగాడు. నీ మాట ఆలస్యమవడానికి నేనే కారణమేమోరా అని ఆవిడ వాడి తల నిమిరింది.

కథ కంచి దారి పట్టింది, మీరింక దుప్పట్లో దూరండి.