అరటిచెట్టు తాగిన తోటకూర

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరూ ఆకుకూరలే పండించేవారు. ఒండ్రు నేల కదా, విత్తనం చల్లి నెల తిరక్కుండానే కోతకొచ్చేది. కోసి, కట్టలు కట్టి, పడవ మీద అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి అమ్ముకునేవారు.

ఆ ఊళ్ళో ఆదెమ్మ, మంగాయమ్మ అని అక్కచెల్లెళ్ళు ఉండేవారు. అక్క ఆదెమ్మ మడుల్లో తోటకూర, బచ్చలి, గోంగూర. చెల్లెలు మంగాయమ్మ మడుల్లో కొత్తిమీర, పుదీనా, దొడ్లో రెండు కరివేపాకు చెట్లు. ఇళ్ళు పక్కపక్కనే. రెండిళ్ళకీ నడుమ ఒక మేకని కట్టేసేవారు.

మేక ఎందుకంటావా? ఆ ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. చెప్పాల్సింది ఏదన్నా ఉంటే మేకకి చెప్పేవారు. రెండో ఆవిడ వినేది.

మాటలు ఎందుకు పోయాయంటే, ఒక పెళ్ళిలో అరవై మంది భోజనాలకి కూర్చున్న పంక్తిలో ఆదెమ్మ అంది, "మా చెల్లెలి ఆకు పైన చల్లుకోడానికే. దాంతో ఎవరికన్నా కడుపు నిండిందా?" అని. అప్పుడు మంగాయమ్మ ఊరుకోలేదు. "మా అక్క ఆకు గంపెడు తిన్నా గడ్డి తిన్నట్టే" అంది. తప్పు ఎవరిదంటే మొదట నోరు జారినావిడదే. నలుగుర్లో అన్న మాట ఆరేళ్ళయినా అరగదు. నేనైతే పదహారేళ్ళు గుర్తుపెట్టుకుంటాను.

ఆ తర్వాత ఏమైందంటే, వాళ్ళ అన్న కూతురు పార్వతాలు తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. ఆ పిల్లకి తల్లి లేదు. పార్వతాల్ని కన్నప్పుడే ఒంట్లో రక్తం చాలక చనిపోయింది. ఈ మేనత్తలిద్దరే పెంచారు. అందుకని ఆ పిల్ల ఒక పూట పెద్దత్త ఇంట్లో, ఒక పూట చిన్నత్త ఇంట్లో తినేది.

వచ్చిన పిల్లని చూస్తే పెదాలు తెల్లగా ఉన్నాయి. నాలుగడుగులేస్తే ఆయాసం. అప్పుడు అవతలి ఒడ్డు నుంచి కొండమ్మని పిలిపించారు. కొండమ్మ మంత్రసాని. ఆవిడ చేతుల మీదుగా పుట్టినవాళ్ళతో ఒక ఊరు నింపొచ్చు.

కొండమ్మ పార్వతాలు కింది కనురెప్ప వేలితో కిందికి లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాలి. ఉతికిన గుడ్డలా తెల్లగా ఉంది.

"ఇంకా మూడు నెలలుంది," అంది కొండమ్మ. "ఈలోగా రక్తం పడితే నేను పురుడు పోస్తాను. పట్టకపోతే వీళ్ళమ్మకి జరిగిందే దీనికీ జరుగుతుంది. మీ ఊరి నిండా ఆకే కదా, బాగా పెట్టండి."

కొండమ్మ పడవెక్కిందో లేదో మంగాయమ్మ మేక దగ్గరికెళ్ళింది. "ఏవే, కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, ఇందులో ఉన్నంత సారం ఇంకెందులోనూ లేదు. పిల్లని నేను చూసుకుంటానని చెప్పు."

ఆదెమ్మ ఇవతల నించి అంది, "చిటికెడు ఆకుతో రక్తం పడుతుందటా మేకా? కాన్పయ్యేది పిల్లకి, నీక్కాదు. ముందు నెల నాది."

పెద్దావిడ కాబట్టి ముందు నెల ఆవిడకే వచ్చింది.

ఆ నెలంతా రెండు పూటలా ఆదెమ్మే వండింది. రోజుకి రెండు కట్టలు. ఒకరోజు తోటకూర, ఒకరోజు బచ్చలి, ఒకరోజు గోంగూర. నెలాఖరుకి కొండమ్మ వచ్చి కనురెప్ప లాగి చూసింది. తెల్లగానే ఉంది. ఆదెమ్మ ఆ పూట అన్నం తినలేదు.

రెండో నెల మంగాయమ్మది. పప్పులో కరివేపాకు, చారులో కొత్తిమీర, మజ్జిగలో పుదీనా. ఏది వండినా ఏదో ఒక ఆకు వేసింది. నెలాఖరుకి కొండమ్మ వచ్చి చూసింది. అప్పుడూ తెల్లగానే ఉంది. దానికి తోడు పార్వతాలు కాళ్ళు కూడా వాచాయి.

"ఇంక ఒక్క నెలే," అంది కొండమ్మ. ఆ మాటకి ఆ ఇద్దరికీ ఇంకా భయమేసింది.

ఆవేళ గాలి ఎక్కువై పడవ వెనక్కి రాలేదు. కొండమ్మ భోజనానికి ఉండిపోవాల్సొచ్చింది. అప్పుడు అక్కా చెల్లెలూ ఎవరింట్లో వాళ్ళు పొయ్యి ముట్టించారు. కొండమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. ముందు ఆదెమ్మ వంటింట్లోకి వెళ్ళింది.

ఆదెమ్మ తోటకూర సన్నగా తరిగింది. తరిగాక కడిగింది. కుండెడు నీళ్ళు పోసి ఉడకేసింది. ఆ తర్వాత కూర గట్టిగా పిండి, ఆకుపచ్చటి నీళ్ళన్నీ పట్టుకెళ్ళి దొడ్లో అరటిచెట్టు మొదట్లో పోసింది.

"అదేంటమ్మా?" అంది కొండమ్మ.

"వార్చకపోతే పసరు వాసన పిన్నీ. నేను వండితే ఎవరికీ వాసన రాదు. ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

అప్పుడు కొండమ్మ మంగాయమ్మ ఇంటికెళ్ళింది. మంగాయమ్మ పప్పు పోపులో రెండు రెబ్బల కరివేపాకు వేసింది. పైన చిటికెడు కొత్తిమీర జల్లింది. పార్వతాలు కంచం ముందు కూర్చుంది. కూర్చుని, ఒక్కో కరివేపాకూ ఏరి కంచం అంచున పెట్టింది. కొండమ్మ లెక్కపెట్టింది. పదకొండు ఆకులు. నువ్వు ఇవాళ చేసినట్టే. నేను చూడలేదనుకున్నావు.

కొండమ్మకి సంగతి తెలిసిపోయింది. "తక్కెడ తీసుకురండి" అంది.

ఆకులమ్మేవాళ్ళకి తక్కెడకేం కొదవ. తెచ్చారు. ఒక సిబ్బిలో ఆదెమ్మ తోటకూర కట్ట పెట్టింది. రెండో సిబ్బిలో మంగాయమ్మ కరివేపాకూ పుదీనా పోసింది. పోస్తూ పోస్తూ ఉంటే రెండూ సమంగా నిలిచాయి.

"ఇంత బరువుకి ఇంత బరువు చూస్తే చెల్లెలి ఆకులోనే సారం ఎక్కువ," అంది కొండమ్మ. "రక్తానికీ, ఎముకకీ కూడా."

మంగాయమ్మ మేక వంక చూసింది, విన్నావా అన్నట్టు.

అప్పుడు కొండమ్మ ఆ సిబ్బిలో ఆకంతా తీసేసి చిటికెడు ఉంచింది. తోటకూర సిబ్బి దభీమని నేలకి తగిలింది. "నువ్వు వేసేది ఇంతే. ఇందులో పిల్ల నోట్లోకి పోయింది ఏమీ లేదు. కంచం అంచుకి రక్తం పట్టాలా?"

ఆదెమ్మకి నవ్వొచ్చింది.

"నువ్వు నవ్వకు. నీ ఆకు మనిషి గుప్పెళ్ళతో తినేది, అదీ దాని గొప్ప. చెల్లెలి ఆకు అన్నేసి గుప్పెళ్ళు ఎవరూ తినలేరు. కానీ నువ్వు తరిగి కడిగావు, కడిగి వార్చావు. సారమంతా అరటిచెట్టు తాగింది. వెళ్ళి ఆ గెల చూడు, ఊళ్ళో ఇంకెవరి దొడ్లోనైనా ఉందా అంత గెల?"

ఎవరి దొడ్లోనూ లేదు. ఆదెమ్మ తల దించుకుంది.

ఆ తర్వాత మూడో నెల. ఒకే పొయ్యి మీద ఇద్దరూ వండారు. ఆదెమ్మ ఆకు ముందు కడిగింది, తర్వాత తరిగింది. కాసిని నీళ్ళతో మూత పెట్టి మగ్గించింది. చుక్క నీరు కూడా బయటికి పోనివ్వలేదు, పప్పులోనే కలిపేసింది. మంగాయమ్మ కరివేపాకు నీడలో ఎండబెట్టి, వేయించి, శనగపప్పుతో పొడి కొట్టింది. పొడిలోంచి ఆకు ఎవరూ ఏరలేరు కదా. కొత్తిమీర లేత కాడలతో సహా, పుదీనా గుప్పెడు, పచ్చడి నూరింది. అన్నింటి మీదా నిమ్మకాయ పిండేవారు. పులుపు తగిలితే ఆకు ఒంటికి బాగా పడుతుంది, ఇదీ కొండమ్మే చెప్పింది. పాలకూర కూడా మంచిదే, తేలిగ్గా అరుగుతుంది. కానీ రక్తానికి మాత్రం తోటకూర తర్వాతే. మీ అమ్మ పాలకూరే గొప్పంటుంది, ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే పోనీ.

ఒక పొయ్యి దగ్గర వండుతున్నా మాటలు మేకతోనే. "మేకా, ఉప్పు చాల్లేదు." "మేకా, వేసేశానని చెప్పు." పార్వతాలుకి నవ్వొచ్చి పొలమారేది.

నెలాఖరుకి కొండమ్మ వచ్చింది. కనురెప్ప లాగింది. లోపల దానిమ్మ గింజ రంగు. మరీ ముదురు కాదు, లేత గింజ.

"సరిపోతుందా?" అని పార్వతాలు అడిగింది.

"సరిపెడతాను" అంది కొండమ్మ.

మూడో రోజున నొప్పులొచ్చాయి. పొద్దున్న మొదలై పొద్దు నడినెత్తికొచ్చే దాకా. ఆదెమ్మ గుమ్మానికి ఇటు, మంగాయమ్మ అటు నిలబడ్డారు. లోపల్నించి ముందు బిడ్డ ఏడుపు వినిపించింది. తల్లి గొంతు వినపడలేదు. ఇద్దరూ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చాలాసేపు.

అప్పుడు పార్వతాలు గొంతు వినిపించింది. నీరసంగానే ఉంది కానీ, స్పష్టంగా ఉంది. "అత్తా, ఆకలేస్తోంది."

ఆదెమ్మ ఒక్కసారిగా చెల్లెలి వైపు తిరిగింది. మేక వైపు కాదు.

"ఏం పెడదామే?" అంది.

"కరివేపాకు పొడీ, నెయ్యీ" అంది మంగాయమ్మ. అని, కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. అక్క వెనకాలే వెళ్ళింది.

పెళ్ళిలో అన్న మాట మర్చిపోయారా అంటే, లేదు. అది వేరు, ఇది వేరు. ఇప్పుడైతే ఆస్పత్రిలో రక్తం చూసి బిళ్ళలిస్తారు. అవి మింగాలి, ఆకూ తినాలి. రెంట్లో ఏదీ మానకూడదు.

పడుకో ఇంక.

తోటకూర కుండలోకి,
కరివేపాకు ముద్దలోకి,
కథ వెళ్ళింది కంచిలోకి,
నువ్వూ నేనూ నిద్దర్లోకి.