కంచె దాటిన పరుగు

వానలు తగ్గుముఖం పట్టి, గడ్డి నడుమెత్తు పెరిగి, గాలి వీచినప్పుడల్లా మైదానమంతా ఒక పక్కకి వాలి లేచే రోజుల్లో జరిగిన సంగతి ఇది.

ఆ మైదానం పడమటి కొసన జంతువులకు ఒక బడి ఉండేది. ఏ గడ్డి తింటే కడుపు ఉబ్బుతుంది, ఏ మబ్బు వాన తెస్తుంది, ఏ ఆకు నూరి కడితే గాయం మానుతుంది, ఇవన్నీ అక్కడ నేర్పేవారు. నేర్పేది బట్టమేక పక్షి ఈరమ్మ. పొడుగు మెడ, నిదానపు నడక, ఎవరినీ కసిరి ఎరగదు. బడికి పెద్ద మాత్రం గుంటనక్క గోవిందప్ప. బడి హద్దుల్లో ఎవరూ ఎవరినీ వేటాడకూడదని కట్టుబాటు ఉండబట్టి, జింకా నక్కా కౌజుపిట్టా ఒకేచోట మసలేవి.

బడి పేరు నలుదిక్కులా పాకింది పాఠాల వల్ల కాదు, పందేల వల్ల. తుమ్మకంప గుండ్రంగా కట్టి, లోపల బరి చేసి, గోవిందప్ప అక్కడ పరుగుపందేలు పెట్టేవాడు. చూడ్డానికి వచ్చే ప్రతి జీవీ ఏదో ఒకటి మోసుకురావాలి. ఉలవతీగ మోపో, జొన్నసొప్పో, రేగుపళ్లో, వేరుశనక్కాయలో. అవన్నీ గోవిందప్ప గాదెలోకి పోయేవి. గడ్డీగాదం మేకల మందలకిచ్చి బదులుగా తనకు కావలసినవి తెప్పించుకునేవాడు.

వాళ్లంతా వచ్చేది సింగారి పరుగు చూడ్డానికి.

సింగారి రెండేళ్ల ఆడజింక. మందలో నిలబడితే పదింటిలో ఒకటి. బరిలో అడుగు పెట్టిందంటే మాత్రం చూసేవాళ్లకు ఊపిరి తీసుకోవాలని గుర్తుండేది కాదు. మొదటి చుట్టు మామూలు పరుగే. రెండో చుట్టులో కాళ్లు కనబడేవి కావు. మూడో చుట్టులో నాలుగు కాళ్లతో ఒక్కసారే నేల విడిచి పైకి లేచేది. లేచినచోట గాలి దాన్ని కాసేపు ఉంచుకుని, మనసు రాక మనసు రాక వదిలినట్టుండేది. ఎనుములు నెమరు ఆపేసేవి. ఎప్పుడూ అరిచే తీతువులు కూడా నోరు మూసుకునేవి. పరుగు అయిపోయాక వెంటనే ఎవరూ కేకలు వేసేవారు కాదు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు, 'నాకు కనబడిందే నీకూ కనబడిందా' అన్నట్టు.

ఆ ఏడు ఒక పందెం ముగిశాక గోవిందప్ప సింగారి మెడలో తంగేడుపూల దండ వేసి, ముందర చిన్న కట్ట ఎండుగడ్డి పెట్టాడు.

"మామా, మల్లప్పన్న కనబడడం లేదే?" అనడిగింది సింగారి.

"ఏ మల్లప్ప?"

"పోయినేడు నీ పందేలన్నీ గెలిచిన మల్లప్ప. నాకు పరుగు నేర్పినవాడు."

"ఓ, వాడా! కాలు విరిగింది కదమ్మీ. పంపించేశాం."

"కాలు విరిగితే చదువుకోకూడదా?"

"చదువు ఊరికే చెప్తున్నామా? పరుగెత్తుతాడని చెప్పాం. పరుగు పోయింది, చదువూ పోయింది" అని గోవిందప్ప మోపులు లెక్కబెట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

సింగారి వెతుక్కుంటూ పోతే ఎండిన వంక ఒడ్డున మల్లప్ప కనబడ్డాడు. మెలితిరిగిన కొమ్ములు అలాగే ఉన్నాయి. పక్కటెముకలు మాత్రం దూరం నుంచే ఎంచుకోవచ్చు. నోరు అందినంత మేర గడ్డి కొరికేసి, నేల నాకుతున్నాడు.

"ఇక్కడ గడ్డి అయిపోయిందన్నా."

"అయిపోతే రెండడుగులు జరుగుతాను. ఆ రెండడుగులకే పొద్దు గూకుతుంది." నవ్వాడు మల్లప్ప. "నా కాలు విరిగిన రోజు ఎన్ని మోపులు వచ్చాయో తెలుసా? గాదె తలుపు పట్టలేదంట."

"నీకేమిచ్చారు?"

"దండ. అది ఆ రోజే తినేశాను."

సింగారికి నవ్వు రాలేదు. మల్లప్ప కూడా నవ్వు ఆపేశాడు.

"పాఠాలకు పోతున్నావా?" అనడిగాడు.

"ఎక్కడన్నా? పొద్దు పొడిస్తే బరి, పొద్దు గూకితే నిద్ర. ఈరమ్మ పంతులమ్మ ముందర కూర్చుని నాలుగు నెలలైంది."

"నేనూ అంతే. విరిగిన కాలికి కట్టాల్సిన ఆకు ఈ వంకలోనే ఉందంట. పక్కనే పడి మూలుగుతున్నాను, అదేదో నాకు తెలీదు. ఆమె చెప్పిన రోజు నేను బరిలో ఉన్నాను."

సింగారి తన నాలుగు కాళ్ల వంక చూసుకుంది. అవి తనవి కావేమోనని మొదటిసారి అనిపించింది.

మర్నాడు పొద్దున్నే గాదె ముందర నిలబడింది. "మామా, వచ్చే మోపుల్లో సగం ఆడేవాళ్లకివ్వు. కాలు విరిగినవాళ్లకు మేత పెట్టు. ఉదయం పూట మమ్మల్ని పాఠాలకు వదులు."

గోవిందప్ప చెవులు మూసుకున్నాడు. "శివశివా! చదువుకునే పిల్లలు కూలికి పరుగెత్తడమా? ఆ పరుగుకు పవిత్రత ఎక్కడుంటుంది?"

"నీ గాదెలో చూశాను మామా. అక్కడ కనబడలేదు."

నక్క ముఖం చిన్నబోయింది కానీ బుర్ర పనిచేస్తూనే ఉంది. మధ్యాహ్నానికల్లా ఒక మాట బడంతా తిరిగింది. సాయంత్రం ముళ్లపంది బుడ్డయ్య, వెనక పది కౌజుపిట్టలతో సింగారి మీదికి వచ్చాడు. ముళ్లన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఏమమ్మా, నీ ఒక్కదాని పొట్ట కోసం మా తవ్వుడు పోటీ, వీళ్ల ఎగురుడు పోటీ ఎత్తేస్తారంట? మమ్మల్ని చూసేది పదిమందే, నిజమే. ఆ పదిమంది మాకు చాలు. వాళ్లను కూడా మాకు లేకుండా చేస్తావా?"

"నాకొక్కదానికే అడగలేదు బుడ్డయ్య మామా. ఆడేవాళ్లందరికీ అన్నాను. నువ్వు తవ్వినా ఆటే కదా."

"ఆ ముక్క నక్క చెప్పలేదే!" బుడ్డయ్య ముళ్లు ఒకటొకటిగా పడుకున్నాయి.

ఈ గొడవ గాలివాటున మైదానం తూర్పు కొసన ఉన్న ఇంకో బడికి చేరింది. ఆ బడిపెద్ద తోడేలు స్వయంగా వచ్చి వంక అవతల నిలబడ్డాడు. "మా బడికి వచ్చేయ్. పచ్చి పెసరచేను మొత్తం నీ పేరున రాసిస్తా" అన్నాడు.

పెసరచేను మాట వినేసరికి సింగారి నోట్లో నీళ్లూరాయి. దాచుకోలేదు. "మల్లప్పన్నను తెచ్చుకోవచ్చా?" అంది.

"కుంటోడితో నాకేం పని?"

"నా కాలు విరిగిన మర్నాడు నేనూ కుంటిదాన్నే అవుతాను కదా."

"అప్పటి మాట అప్పుడు" అన్నాడు తోడేలు. ఆ జవాబుతో సింగారి నోట్లో ఊరిన నీళ్లు ఇంకిపోయాయి. వెనక్కి వచ్చేసింది. అయినా ఆ రాత్రి పెసరచేను రెండుసార్లు కలలోకొచ్చిందని తర్వాత తానే మల్లప్పకు చెప్పుకుంది.

తోడేలు వచ్చి వెళ్లాడని గోవిందప్పకు తెలిసింది. పిల్ల చేజారేలోగా కట్టిపడేయాలనుకున్నాడు. ఈరమ్మను కూడా పిలిపించి, ఆమె ఎదుటే అన్నాడు.

"చూడమ్మీ, వీళ్లంతా నీ కోసం వస్తున్నారని నీ భ్రమ. వచ్చేది ఈ బడి పేరు చూసి, ఈ బరి చూసి. కావాలంటే పందెం. పెద్ద పరుగు రోజున నువ్వు కంచె లోపల అడుగు పెట్టొద్దు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వచ్చినవాళ్లంతా కంచె లోపలే ఉంటే, ఇక నోరెత్తకుండా నేను చెప్పినన్నాళ్లు పరుగెత్తాలి. బయటికి పోయుంటే నువ్వడిగినట్టు సగం ఇస్తాను."

"అంటే ఒక్కరు మిగిలినా నువ్వే గెలిచినట్టా?" అంది ఈరమ్మ.

"మరి? నా బరి మీద నాకు నమ్మకముంది పంతులమ్మా."

సింగారి సరేనంది. తాను లేకపోతే వాళ్లే వెళ్లిపోతారనుకుంది. ఈరమ్మ మెడ చాచి గోవిందప్పను ఒకసారి చూసి, సాక్ష్యానికి ఒప్పుకుంది.

పెద్ద పరుగు రోజు వచ్చింది. ఏడు వంకల అవతలి నుంచి కూడా వచ్చారు. దూడలను వెంటబెట్టుకుని ఎనుములు, బారులు తీరి కొంగలు, ఉడుములు, కుందేళ్లు, అడవిపందులు. సింగారి ఆ రోజు పరుగెత్తదని గోవిందప్ప ఎవరికీ చెప్పలేదు. అందరి మోపులూ లోపలికి చేర్చుకుని, ఆఖరి కుందేలు కూడా వచ్చాక, వాకిలికి తుమ్మకంప అడ్డం పెట్టించి గట్టు ఎక్కాడు.

"పరుగు అయ్యేదాకా ఎవరూ బయటికి పోకూడదు. ఇది బడి కట్టుబాటు!"

బయట నిలబడ్డ సింగారి వాకిలి మూసుకోవడం చూసింది. అప్పటికి గానీ మోసం అర్థం కాలేదు. పక్కన కుంటుకుంటూ వచ్చిన మల్లప్ప ఉన్నాడు. కాస్త దూరంలో బండరాయి మీద ఈరమ్మ. పొద్దు నెత్తికెక్కడానికి ఇంక ఎంతో సేపు లేదు. లోపల రెండు మగజింకలు చుట్టూ చుట్టూ తిరుగుతున్నాయి. "సింగారి ఏది? సింగారి ఏది?" అని కేకలు. "వస్తుంది, వస్తుంది" అని నక్క గొంతు.

"ఓడిపోయానన్నా" అంది సింగారి.

"ఓడిపోయావులే" అన్నాడు మల్లప్ప. "రేపట్నుంచి మళ్లీ బరిలోనే కదా. ఒకటడుగుతాను, చేస్తావా? నిన్నెప్పుడూ గుండ్రంగా పరుగెత్తడమే చూశాను. నేనూ గుండ్రంగానే పరుగెత్తి కాలు విరగ్గొట్టుకున్నాను. ఒక్కసారి నేరుగా పరుగెత్తు. నేను చూస్తాను."

సింగారి మైదానం వైపు తిరిగింది. ఎదురుగా కంచె లేదు, మలుపు లేదు. గడ్డి, దాని చివర ఆకాశం. అంతే.

పరుగు మొదలుపెట్టింది.

బరిలో నాలుగు గెంతులకొకసారి ఎడమకు తిరగడం అలవాటైన కాళ్లు మొదట కాస్త తడబడ్డాయి. ఆ తర్వాత వాటికి విషయం అర్థమైంది. గడ్డి రెండుగా చీలి దారి ఇచ్చింది. దారి పొడుగునా భరతపక్షులు లేచి, తమ పాట ఆపి, గాలిలోనే రెక్కలాడిస్తూ నిలబడ్డాయి. ఇంతవరకూ బరిలో అందరూ చూసింది సింగారి పరుగులో పిడికెడు మాత్రమే. మిగిలిందంతా కంచెకు భయపడి లోపలే దాగి ఉందని ఆ రోజే తెలిసింది. అది లేచింది. ఒక గెంతుకీ ఇంకో గెంతుకీ మధ్య ఎంత నేల పోయిందో కొలవడం ఎవరి వల్లా కాలేదు. గెంతిన ప్రతిసారీ ఒంటి మీద ఎండ మెరిసి, కిందికి దిగేలోగా ఆరిపోయి, మళ్లీ మెరిసింది. ఆ మైదానంలోనే పుట్టి పెరిగినవాళ్లకు కూడా అది అంత పెద్దదని అప్పుడే తెలిసింది.

మల్లప్ప మూడు కాళ్ల మీద నిలబడి చూస్తున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్న సంగతి అతనికి తెలీదు.

కంచె లోపల ముందు చూసింది ఒక ముసలి ఎనుము. తుమ్మకంప మీదుగా తల ఎత్తి చూసి, చూస్తూనే నడిచింది. కంప అడ్డమొచ్చింది. ముళ్లు గుచ్చుకున్నాయి. ఆమెకు ఏదీ తెలియలేదు. ఆమె నడిచినంత మేర కంచె పడిపోయింది. వెనకే దూడలు, కుందేళ్లు, ఉడుములు. ఎవరూ తోసుకోలేదు. పరుగు మధ్యలో వదిలేసి రెండు మగజింకలూ వచ్చేశాయి. బుడ్డయ్య, కౌజుపిట్టలు వచ్చాయి. అంతమంది గడ్డిలో వరసగా నిలబడితే ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

సింగారి దిగంతం దగ్గర చుక్కంత అయి, అక్కడ తిరిగి, మళ్లీ పెరుగుతూ వచ్చి, మల్లప్ప ముందర ఆగింది. ఒళ్లంతా ఆవిరి.

"చూశావా అన్నా?"

మల్లప్ప తల ఊపాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది సింగారి. అంతమంది అక్కడ నిలబడి ఉన్నారని అప్పటిదాకా దానికి తెలియదు.

పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంది.

"ఆగండాగండి!" అని గోవిందప్ప గొంతు పెగిలింది. "అందరూ పోలేదు! ఒక్కరు మిగిలినా నేనే గెలిచినట్టు. పందెం మాట అదే! నేనున్నాను, నేను కంచె లోపలే ఉన్నాను!"

ఈరమ్మ బండ మీద నుంచి నిదానంగా దిగింది. "గోవిందప్పా, నువ్వెక్కడ నిలబడ్డావో ఒకసారి చూసుకో."

గోవిందప్ప కిందికి చూసుకున్నాడు. పాదాల కింద బరి మట్టి లేదు. నడుమెత్తు గడ్డి ఉంది. పడిపోయిన కంచె ఇరవై బారల వెనక ఉంది. తాను ఎప్పుడు గట్టు దిగాడో, ఎప్పుడు కంప దాటాడో అతనికి గుర్తే లేదు. తోకలో ఇంకా ఒక తుమ్మముల్లు ఉంది.

ఆ సాయంత్రమే గాదె తెరిచారు. సగం ఆడేవాళ్లకు పోయింది. బుడ్డయ్య మొదటిసారి తన చేతికి వచ్చిన వేరుశనక్కాయలు చూసి ఏం చేయాలో తోచక, తనను చూడ్డానికి వచ్చే పదిమందికీ పంచేశాడు. మల్లప్ప ముందర పచ్చమేత పడింది. పొద్దున పూట బరి ఖాళీగా, ఈరమ్మ పాఠం నిండుగా ఉంది.

అంతా సుఖంగా జరిగిపోయిందని చెప్పను. ఆ మరుసటేడు తూర్పు తోడేలు ఎక్కువ మేత చూపిస్తే ఆ రెండు మగజింకలూ అటు వెళ్లిపోయాయి. వాటాల దగ్గర కౌజుపిట్టలు రెండు రోజులు కీచులాడుకున్నాయి. కూలి ముట్టాక సింగారి పరుగులో పస తగ్గుతుందేమోనని పెద్దలు కొందరు గొణిగారు. వాళ్లు కూడా పరుగు మొదలయ్యాక గొణగడం ఆపి, నోళ్లు తెరిచి నిలబడేవారు.

గోవిందప్ప మాత్రం ఆ రోజు తాను బయటికి వచ్చింది జనాన్ని వెనక్కి పిలవడానికేనని ఇప్పటికీ కనబడ్డవాళ్లందరికీ చెబుతుంటాడు. వాళ్లు అలాగేలే అని తలలూపుతారు.

నీతి: ఎవరి కాళ్ల మీద నుంచి లోకం చూపు తిప్పుకోలేదో, గాదెలోని మొదటి వాటా ఆ కాళ్లవాళ్లది.