లేవని మనిషి

గిద్యోను సాక్ష్యం చెబితే కన్నీళ్లు పెట్టుకోనివాళ్లు ఉండరని పల్నాటి సంఘాల్లో పేరు. సాక్ష్యమంటే మరేం లేదు, ప్రభువు దగ్గరికి రాకముందు తానెంత చెడ్డవాడో, వచ్చాక ఎలా మారాడో పదిమంది ముందు నిలబడి చెప్పుకోవడం. ఎవరైనా చెప్పుకోవచ్చు. కానీ చాలామందికి చెప్పుకోదగ్గ పాపాలుండవు. చుట్ట కాల్చాననో, అత్తగారిని తిట్టాననో రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. గిద్యోనుకు ఆ కొరత లేదు. ఎన్నికల్లో మనుషుల్ని కొట్టిన రౌడీ అతను.

అలాంటి గిద్యోనుకు ఒకే ఒక్క వెలితి. తనను చేరదీసి, పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు నేర్పి, సేవకుడిగా నిలబెట్టిన నతానియేలు అయ్యగారు తన చిన్న చర్చిలో ఒక్కసారి కూడా అతన్ని సాక్ష్యం చెప్పమనలేదు. ఏడేళ్లయింది. గంట కొట్టమంటే కొట్టాడు, చాపలు పరవమంటే పరిచాడు, జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు పోయి ప్రార్థన చేసి రమ్మంటే చేసి వచ్చాడు. పక్క ఊళ్లవాళ్లు కారు పంపించి మరీ తీసుకెళ్లే మనిషిని సొంత గురువు చాపలు పరవడానికి వాడుకోవడం అతనికి మింగుడు పడలేదు.

ఆ వేసవిలో టౌనులో మూడు రోజుల ఉజ్జీవ సభలు పెట్టారు. పోస్టర్లు వేశారు. అందులో గిద్యోను ఫొటో అందరికంటే పెద్దది. కింద ‘ఒకప్పుడు పల్నాటి పులి, నేడు ప్రభువు గొర్రెపిల్ల’ అని ఎర్ర అక్షరాలు. ఆ మాట రాయించింది గిద్యోనే అని కిట్టనివాళ్లు అంటారు, మనకెందుకు. ఒక పోస్టరు చుట్టి చంకలో పెట్టుకుని అయ్యగారి దగ్గరికి వెళ్లాడు.

అయ్యగారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. పోస్టరు విప్పి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని నిదానంగా పైనుంచి కిందిదాకా చదివారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. మళ్లీ చిక్కుడుకాయ అందుకున్నారు. గిద్యోను ఇక ఆగలేకపోయాడు.

“అయ్యగారూ, ఊరూరా నా సాక్ష్యం విని జనం మారుతున్నారు. మీరు మాత్రం ఏనాడూ చెప్పమనలేదు. నా పాపం మీకింకా రోతగా ఉందా?”

ఆయన చేతిలోని కాయ ఒలిచి గిన్నెలో వేశారు.

“రేపు పొద్దున ఏడింటి బస్సుకు రా. ఒకచోట చెబుదువుగాని.”

గిద్యోను గాల్లో తేలుతూ ఇంటికి పోయాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. అద్దం ముందు నిలబడి సాక్ష్యం మరోసారి వల్లె వేసుకున్నాడు. మొదట్లో అది పది నిమిషాలే ఉండేది. ఇప్పుడు ముప్పావుగంట.

పద్నాలుగేళ్ల కిందటి పోలింగ్ రోజు కథ అది. ఒక పేటలో ఓట్లు తమ నాయకుడికి పడవని తెలిసి, గిద్యోను ఇరవైమందిని వెంటేసుకుని బూత్‌లోకి జొరబడ్డాడు. అవతలి పార్టీ ఏజెంటు ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. లేచి బయటికి పొమ్మంటే పోలేదు. గిద్యోను ఇనపరాడ్డు ఎత్తి అతని కుడిచేతి మీద వేశాడు. ఇక్కడికి రాగానే బైబిలుతో బల్ల మీద ఠపీమని కొట్టేవాడు. ముందు వరసలో ఆడవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. ఆ ఏజెంటు కిందపడి గిద్యోను కాళ్లు పట్టుకుని, పిల్లలు గలవాణ్ణి, ప్రాణాలు తియ్యొద్దని బావురుమన్నాడు. అయినా కనికరించక అతన్ని తన్నేసి, పేట ఓట్లన్నీ తామే గుద్దుకుని పోయారు. ‘అంతటి కఠినుణ్ణి నన్ను ప్రభువు’ అనేసరికి పందిరంతా వెక్కిళ్లు.

మర్నాడు బస్సులో అయ్యగారు కిటికీ పక్కన కూర్చుని కునుకు తీశారు. ఎక్కడికని అడగడానికి గిద్యోనుకు మొహమాటం. పెద్ద సంఘమే అయ్యుంటుందని, మైకు ఉంటుందో లేదోనని ఆలోచించుకుంటూ కూర్చున్నాడు. గంట తర్వాత దిగి మట్టిరోడ్డు మీద కొంత దూరం నడిచారు. చర్చి లేదు, పందిరి లేదు. సగం కట్టిన ఇల్లొకటి ఉంది. ఇసక కుప్ప, సిమెంటు బస్తాలు, గోడకు కట్టిన పరంజా. పరంజా మీద యాభై అయిదేళ్ల తాపీమేస్త్రి ఒకడు గోడకు ప్లాస్టరింగ్ చేస్తున్నాడు.

ఎడమచేత్తో చేస్తున్నాడు. కుడిచెయ్యి మోచేతి కింద వంకర తిరిగి ఉంది.

గిద్యోను కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ముఖం ఎప్పుడో మర్చిపోయాడు గానీ, ఆ చెయ్యి ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

“పున్నయ్యా,” అని పిలిచారు అయ్యగారు, “ఈ అబ్బాయి సాక్ష్యం చెప్పుకుంటాడంట. వింటావా?”

మేస్త్రి వెనక్కి తిరిగి గిద్యోనును ఒకసారి చూశాడు. ఆశ్చర్యపోలేదు. సిమెంటు మాలు కలిపి ఉందని, ఆపితే గట్టిపడుద్దని, అందించే ఆడమనిషి ఇవాళ రాలేదని చెప్పాడు. పని చేసుకుంటూనే వింటానన్నాడు.

అయ్యగారు గిద్యోను వైపు చెయ్యి చాపారు.

“ఆ బైబిలు ఇలా ఇయ్యి. తట్ట అందుకో.”

ఇస్త్రీ మడతలతోనే గిద్యోను వంగి, మాలు తట్టకు ఎత్తుకుని పైకి అందించాడు. ఒకటి, రెండు, మూడు. అయ్యగారు బైబిలు ఒళ్లో పెట్టుకుని ఇసక కుప్ప మీద కూర్చున్నారు. నాలుగో తట్ట అందించాక గిద్యోను మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ మొదటి మాట సభలో మాటే వచ్చింది.

“ఆ రోజు నేను ఇరవైమందిని వెంటేసుకుని…”

“నలుగురు,” అన్నాడు పున్నయ్య తాపీ ఆపకుండా.

“ఇనపరాడ్డుతో…”

“బల్లకాలు. బడిలో విరిగిన బల్ల పడుంటే దాని కాలు పీక్కున్నావు.”

గిద్యోను ఆగిపోయాడు. ఆ తర్వాత వచ్చే మాటేమిటో ముగ్గురికీ తెలుసు. పున్నయ్య తాపీ పక్కన పెట్టి పరంజా దిగి వచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు. పొడగరి కాదు, కానీ నిటారుగా నిలబడే మనిషి.

“ఆపావేం? తర్వాత నేను నీ కాళ్లు పట్టుకున్నాను కదా. చెప్పు.”

ఆ సాక్ష్యం వీడియో తన కూతురు ఫోన్లో చూపించిందని పున్నయ్యే చెప్పాడు. సాక్ష్యంలో పేరు లేకపోయినా పేట పేరు ఉంది కాబట్టి చూసినవాళ్లందరికీ ఎవరో తెలిసిపోయిందట. వియ్యంకుడి ఇంట్లో కూడా చూశారట. పోయిన నెల గిద్యోను ఊళ్లో లేనప్పుడు అయ్యగారి చర్చి ప్రహరీ కట్టడానికి వెళితే, చేతికేమైందని ఆయన అడిగారు. అప్పుడు ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

“చెయ్యి ఇరగ్గొట్టావు. సరే. ఎడంచేత్తో పని నేర్చుకున్నా, ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు చేశా. దానికి నిన్నేమీ అననబ్బాయ్. కానీ నేను లెగలేదు. కుర్చీలోంచి లెగలేదు. జాబితా ఎడంచేతిలోకి తీసుకున్నా. వరసలో ఉన్న ఆడోళ్లు అరుచుకుంటా లోపలికొస్తే మీరు నలుగురూ గోడ దూకి పారిపోయారు. అయిదింటిదాకా కూర్చున్నా. మా పేటలో ఆఖరి ఓటు పడ్డాకే ఆస్పత్రికి పోయా. ఆలస్యం చేశానని ఎముక ఇట్టా వంకరగా అతుక్కుంది.”

వంకర చెయ్యి కొంచెం పైకెత్తి చూపించాడు. దాచుకునేవాడిలా లేదు, పతకం చూపించేవాడిలా ఉంది.

“నా బతుకులో నేను చేసిన పెద్ద పని అదొక్కటే. నువ్వు దాన్ని కూడా తీసేసుకున్నావు.”

గిద్యోనుకు తల కొట్టేసినట్టయింది. అన్నీ గుర్తున్నాయి అతనికి. గోడ దూకేటప్పుడు ఒక చెప్పు జారిపోయింది కూడా గుర్తుంది. ఒంటి చెప్పుతో పారిపోయినవాడి మాట వినడానికి కారు ఎవరు పంపిస్తారు? పాపం ఎంత పెద్దదైతే మార్పు అంత పెద్దదిగా కనబడుతుందని సభ సభకూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాడు. అలా పెంచేటప్పుడు ఎదుటి మనిషిని అంతకంతా కుదించేస్తున్నానని ఒక్కనాడూ తోచలేదు. గబుక్కున పున్నయ్య కాళ్ల మీదికి వంగబోయాడు.

పున్నయ్య మంచి చేత్తో భుజం పట్టి ఆపాడు.

“ఒద్దు. ఎవరు ఎవరి కాళ్లు పట్టుకున్నా నాకు గిట్టదు.”

క్షమించమని అడిగాడు గిద్యోను. ఆ సంగతి తర్వాత చూద్దామన్నాడు పున్నయ్య. ముందు తాను లేవలేదన్న మాట తనకు తెచ్చిమ్మన్నాడు, ఏ సభల్లో పోగొట్టాడో అక్కణ్ణించే తెమ్మన్నాడు. అని పరంజా ఎక్కి తాపీ అందుకున్నాడు. మాలు ఇంకా ఉంది. మధ్యాహ్నం దాకా గిద్యోను అందిస్తూనే ఉన్నాడు.

తిరుగు బస్సులో తెల్లబట్టలు బూడిదరంగులో ఉన్నాయి. శనివారం పగటి సభ తనదే. ఉన్నదున్నట్టు చెబితే తనను ఇక ఏ ఊరివాళ్లూ పిలవరని, పోస్టరు వేసినవాళ్లు మొహం మీదే తిడతారని అయ్యగారితో అన్నాడు. అంత కష్టమేమీ ఉండదని ఆయన సర్దిచెబుతారని ఎక్కడో ఆశ.

“అవును, పిలవరు,” అన్నారు అయ్యగారు, బైబిలు అతని చేతికిస్తూ.

శనివారం పందిరి కిక్కిరిసింది. పులిని చూడ్డానికి వచ్చిన జనం. గిద్యోను లేచి మైకు ముందుకు వచ్చాడు. కొట్టడానికి బైబిలు చేతిలో లేదు, కుర్చీలోనే ఉంచి వచ్చాడు. తాను పులిని కాదన్నాడు. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పానన్నాడు. నలుగురం వెళ్లామని, బల్లకాలితో కొట్టానని, గోడ దూకి పారిపోయామని చెప్పాడు. అక్కడిదాకా గొంతు వణికింది.

“ఆయన పేరు పున్నయ్య. తాపీమేస్త్రి. ఆయన నా కాళ్లు పట్టుకోలేదు. విరిగిన చేత్తో అయిదింటిదాకా కూర్చున్నాడు. ఆ పేటవాళ్లందరూ ఓటేశారు. ఆయన లేవలేదు.”

ఈ మాటలు చెప్పేటప్పుడు మాత్రం వణుకు లేదు. గొంతు పందిరి చివరిదాకా ఖణేల్మని వినిపించింది. అంత గర్వంగా గిద్యోను ఏ సభలోనూ మాట్లాడలేదు. తన గురించి ముప్పావుగంట చెప్పిన రోజుల్లో కూడా అంత పొంగిపోలేదు. అలాంటి మనిషిని చూశాను, ఆయనకు మాలు అందించాను అన్న గర్వంతో గుండె నిండిపోయింది.

మొత్తం మూడు నిమిషాలు. ఎవరూ ఏడవలేదు. ముందు వరసలో ఒకాయన ‘స్తోత్రం’ అనబోయి, ఇక్కడ అనాలో వద్దో తెలియక సగంలో మింగేశాడు. నిర్వాహకుడు గబగబా వచ్చి మైకు లాక్కుని పాట ఎత్తుకున్నాడు. తబలా అతను శ్రుతి చూసుకోకుండానే వాయించేశాడు.

గిద్యోను మెట్లు దిగాడు. చేతులు పట్టుకోవడానికి ఎవరూ రాలేదు, తీసుకొచ్చిన కారు డ్రైవరు కూడా ఎటో చూస్తున్నాడు. పందిరి అంచున అయ్యగారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్లి చిన్నపిల్లాడిలా అడిగాడు.

“సరిగ్గా చెప్పానా అయ్యగారూ?”

అయ్యగారు గొడుగు తెరిచి, సగం అతని మీదికి వంచారు.

“నన్నడిగితే ఏం తెలుస్తుంది? రెండింటికి బస్సుంది, పద. పున్నయ్యనే అడుగుదాం.”