తిరగేసి కుట్టిన జీను

దుప్పటి సరిగ్గా కప్పుకో. కాళ్ళు ఆడించకు. ఆ, ఇప్పుడు చెప్తా విను.

అనగనగనగా, చెట్ల కంటే బండరాళ్ళే ఎక్కువున్న ఒక ఊళ్ళో కదిరమ్మ అనే అమ్మాయి ఉండేది. ఆ ఊరి పేరు రాళ్ళదొడ్డి. కదిరమ్మకి పద్దెనిమిదేళ్ళు. ఇంట్లో వాళ్ళమ్మ లింగమ్మ, లింగమ్మ వాళ్ళ నాన్న ఓబన్న తాత, కొట్టంలో ఒక ఆడగుర్రం. గోధుమరంగులో ఉంటుందని దాన్ని గోధుమా అనే పిలిచేవాళ్ళు.

ఆ గుర్రం వాళ్ళది కాదు. కోటలో ఉండే దొరది. కదిరమ్మ నాన్న దొర దగ్గర కబుర్లు మోసేవాడు. ఈ ఊరి కబురు ఆ ఊరికి, ఆ ఊరి కబురు ఈ ఊరికి గుర్రం మీద చేరవేసేవాడన్నమాట. ఒక వానాకాలం ఆయన కబురు పట్టుకుని వాగు దాటబోయాడు. వాగు పొంగింది. గుర్రం ఒక్కటే ఇంటికొచ్చింది. మనిషి రాలేదు. మనిషి కూర్చున్న జీనూ రాలేదు.

ఆ తర్వాత ఆ పని కదిరమ్మ అందుకుంది. చిన్నప్పటి నుంచీ నాన్న ముందు కూర్చుని తిరిగిన పిల్ల కదా, జీను లేకుండానే గోధుమ వీపెక్కి ఊళ్ళన్నీ చుట్టొచ్చేది. ఎప్పుడూ పడలేదు. ఎవరూ వద్దనలేదు.

అయితే ఏడాదికోసారి, జొన్నకోతలయ్యాక, కోట ముందు మైదానంలో గుర్రాల కొలువు జరిగేది. దొర గుర్రాలు ఎవరెవరి దగ్గరున్నాయో వాళ్ళంతా వాటిని తీసుకొచ్చి, ఎక్కి, దొర ముందు నడిపి చూపించాలి. మొదట చేతిలో నీళ్ళ చెంబు పట్టుకుని మెల్లగా నడిపించాలి. రెండోది పరుగు. మూడోది ముళ్ళకంచెల మీంచి దూకించడం. జీను లేని గుర్రాన్ని మైదానంలోకే రానివ్వరు. ఇంకో సంగతి. పరీక్ష మధ్యలో మనిషి నేలకి తగిలితే ఆ గుర్రం ఆ పూటే కోట లాయంలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఇవ్వరు.

గోధుమ వెళ్ళిపోతే కదిరమ్మకి పని పోతుంది. పని సంగతి అలా ఉంచు. లింగమ్మ రోజూ పొద్దున్నే కొట్టంలోకి వెళ్ళి, దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడేది.  నిలబడి వచ్చేసేది.

అప్పుడు ఓబన్న తాత అన్నాడు. "జీను నేను కుడతా."

ఓబన్న తాత ఒకప్పుడు కోటకి జీన్లు కుట్టినవాడే. కానీ కళ్ళకి పొరలు కమ్మాయి. నాలుగేళ్ళయింది ఆయన ఆరె పట్టి. ఆరె అంటే తోలుకి చిల్లి పెట్టే సూదిలాంటి పనిముట్టు. "కనపడకుండా ఎలా కుడతావు నాన్నా?" అంది లింగమ్మ. "వేళ్ళకి కనపడుతుంది లే" అన్నాడు తాత.

అన్నట్టే కుట్టాడు. నెల పట్టింది. వేళ్ళు గుచ్చుకున్నాయి, నెత్తురొచ్చింది, ఒక కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ వేశాడు. చివరికి జీను తయారైంది. మంచి జీను. కాళ్ళు పెట్టుకునే రికాబులు రెండూ సమానంగా వేలాడుతున్నాయి. పొట్ట కింది పట్టీ గట్టిగా ఉంది.

ఆ తర్వాత తాత తేనెమైనం తీసుకుని దాన్ని రుద్దడం మొదలుపెట్టాడు. పొద్దున రుద్దాడు, మధ్యాహ్నం రుద్దాడు, సాయంత్రం రుద్దాడు. "మెరుస్తోందా?" అని అడిగేవాడు. "మెరుస్తోంది" అనేది లింగమ్మ. "మెరుస్తోంది తాతా" అనేది కదిరమ్మ. తాత తల ఊపి, మళ్ళీ రుద్దేవాడు.

కొలువుకి నాలుగు రోజులుందనగా కదిరమ్మ ఆ జీను గోధుమ మీద వేసింది. చీర కాసె పోసి కట్టుకుని ఎక్కింది. గోధుమ నాలుగడుగులు వేసింది. కదిరమ్మ అటు జరిగింది. గోధుమ మలుపు తిరిగింది. కదిరమ్మ ఇటు జరిగింది. గోధుమ పరుగందుకుంది. అంతే, కదిరమ్మ జర్రున జారి కింద పడింది.

జీను కదల్లేదు. జీను ఎక్కడిదక్కడే ఉంది. పైన కూర్చున్న మనిషే జారిపోయింది. అంత నున్నగా ఉంది ఆ తోలు. వంగి చూస్తే అందులో ఆమెకి తన మొహం కనపడింది.

"తాతకి చెప్దామా?" అని కదిరమ్మ వాళ్ళమ్మని అడిగింది.

"వద్దు" అంది లింగమ్మ. "ఈ నెల్లాళ్ళూ ఆయన ఎలా ఉన్నాడో చూశావుగా. నాలుగేళ్ళలో అంత నిటారుగా కూర్చోగా నేను చూడలేదు. చెప్పకు."

సరేనంది కదిరమ్మ.

ఏంటీ? దాని మీద దుప్పటి వేసుకోవచ్చుగా అంటావా? కదిరమ్మా నీలాగే అనుకుంది. రెండో రోజు దుప్పటి మడిచి జీను మీద పరిచి ఎక్కింది. ఈసారి దుప్పటితో సహా జారింది.

అప్పుడు బెల్లం పాకం కాచింది. ముదురుపాకం, తీగ సాగేలా. దాన్ని జీనుకి పూసి కూర్చుంది. భలేగా అతుక్కుంది. కానీ కాసేపటికి ఈగలొచ్చాయి. ఈగలు రాగానే గోధుమ తోక విసిరింది, ఒళ్ళు విదిలించింది, వెనక కాళ్ళు ఎగరేసింది. చీర కుచ్చిళ్ళ ముక్క ఒకటి జీనుకి అంటుకుని ఉండిపోయింది. మిగతా చీర, కదిరమ్మ నేల మీద ఉన్నారు. ఆ జీను కడిగేసరికి లింగమ్మకి రెండు కడవల వేడినీళ్ళు పట్టాయి.

నవ్వకు, నిద్ర పోతుంది.

మూడో రోజు మోకాళ్ళు బిగించి కూర్చోవాలనుకుంది. బిగించింది. గుర్రానికి మోకాళ్ళు బిగిస్తే ఏమని అర్థం? పరిగెత్తమని. గోధుమ పరిగెత్తింది. జారతానేమోనని కదిరమ్మ ఇంకా బిగించింది. అది ఇంకా పరిగెత్తింది. ఆముదపు చేను గట్టు దగ్గర గుర్రమూ మనిషీ విడిపోయారు. గోధుమ చేను దాటి అవతల ఆగింది. కదిరమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాచింది.

ఆ సాయంత్రం కదిరమ్మ తాతకి సంగటి పెడుతోంది. తాత పళ్ళెం దగ్గర చెయ్యి పెట్టుకుని ఆగాడు.

"అమ్మీ, ఎడమచేత్తో పెడుతున్నావేం?"

"ఏం లేదు తాతా. కుడిచేతికి పిండి అంటింది."

"సంగటి ఎప్పుడూ ఇటు నుంచి వచ్చేది. ఇవాళ అటు నుంచి వచ్చింది. నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయి. మూడు రోజులుగా దొడ్డవతల దబ్బు దబ్బుమని ఏదో పడుతోంది. గుర్రమా, నువ్వా?"

కదిరమ్మ వాళ్ళమ్మ వైపు చూసింది. లింగమ్మ పొయ్యి వైపు చూసింది.

"నేనే తాతా" అంది కదిరమ్మ. "జీను మీంచి జారిపోతున్నా."

 తాత పళ్ళెం పక్కకి జరిపాడు. ఆ తర్వాత అడిగాడు.

"మెరుస్తోందా లేదా? నిజం చెప్పు."

"మెరుస్తోంది తాతా. నా మొహం కనపడుతోంది అందులో."

"మరి ఆ మాట ముందే చెప్పకపోయారా?"

"రోజూ చెప్పాం కదా."

"నన్ను సంతోషపెట్టడానికి అంటున్నారనుకున్నా" అన్నాడు తాత. "మెరిసిందో లేదో నాకు తెలీదు కదే. అందుకని రుద్దుతూనే ఉన్నా."

ఆ పూట ఆయన తినలేదు. లింగమ్మ రెండుసార్లు పిలిచింది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారింది. కొలువుకి ఒక్క రోజుంది. తాత లేచి, మొహం కడుక్కుని, "ఆ జీను ఇలా తీసుకురా అమ్మీ" అన్నాడు. గోరుతో గీకి చూశాడు. మైనం రాలేదు, తోలులోకి ఇంకిపోయింది. ఇసకతో రుద్ది చూశాడు. ఇసక కూడా జారిపోయింది. అప్పుడు జీను అంచు పట్టుకుని, వేళ్ళు తోలు కిందికి పోనిచ్చి, అక్కడ తడుముతూ ఉండిపోయాడు.

తోలుకి రెండు వైపులుంటాయి. వెంట్రుకలు మొలిచిన వైపు ఒకటి, అది నునుపు. పశువు ఒంటిని అంటుకుని ఉన్న వైపు ఒకటి, అది గరుకు, ఆవు నాలుకలా ఉంటుంది. జీను కుట్టేవాళ్ళంతా నునుపు పైకి పెట్టి కుడతారు, చూడ్డానికి బాగుంటుందని.

"తిరగేద్దాం" అన్నాడు తాత. "గరుకు పైకి, నునుపు లోపలికి."

"నువ్వు రుద్దిన మెరుపంతా లోపలికి పోతుంది నాన్నా" అంది లింగమ్మ.

"పోనీ."

ఆ రోజంతా ముగ్గురూ అరుగు మీదే కూర్చున్నారు. నెల రోజులు వేసిన కుట్లన్నీ తాత విప్పాడు. కదిరమ్మ ఎడమచేత్తో సూదిలోకి దారం ఎక్కించింది. లింగమ్మ తోలు బిగించి పట్టుకుంది. తాత చిల్లి పొడవడం, దారం లాగడం, ముడి వెయ్యడం. కోత పనంతా ముందే అయ్యింది, పైగా ముగ్గురి చేతులు, అందుకే పొద్దు వాలకముందే అయిపోయింది. ఎలా ఉందని తాత ఈసారి అడగలేదు. ఎవరూ చెప్పలేదు కూడా. బూడిదరంగులో, వెలిసిపోయినట్టుగా ఉంది.

మర్నాడు కోట ముందు మైదానం నిండిపోయింది. ఇరవై ముప్ఫై గుర్రాలు. ఒకదాని జీనుకి ఇత్తడి బొడిపెలు, ఒకదానికి ఎర్ర మఖమలు, ఒకదానికి వెండి తీగ. లాయం పెద్ద సుంకన్న ఒక్కో జీనూ తట్టి చూస్తూ వచ్చాడు. కదిరమ్మ దగ్గర ఆగాడు.

"ఇదేం జీనమ్మా? సంతలో గోనెసంచిలా ఉంది."

పక్కనున్న రౌతులు నవ్వారు.

"కూర్చోడానికి బాగుంటుంది సుంకన్న మామా" అంది కదిరమ్మ.

సుంకన్న పట్టీ లాగి చూశాడు, రికాబులు లాగి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. పొమ్మన్నాడు.

మొదట నీళ్ళ చెంబు. కదిరమ్మ మంచి చేత్తో చెంబు పట్టుకుంది, వాచిన చేత్తో కళ్ళెం పట్టుకుంది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెంబులో నీళ్ళు మాత్రం తొణకలేదు. ఆ తర్వాత పరుగు. మలుపు దగ్గర ఇద్దరు రౌతులు జారి పడ్డారు. వాళ్ళ గుర్రాల్ని అక్కడికక్కడే లాయంలోకి తీసుకుపోయారు. అందులో ఒకాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కదిరమ్మ మలుపు తిరిగింది. కూర్చున్న చోటు నుంచి వేలెడు కూడా జరగలేదు.

ఇక ముళ్ళకంచెలు. మూడున్నాయి. తాతా లింగమ్మా మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గర నిలబడి ఉన్నారు. లింగమ్మ చూస్తూ తాత చెవిలో చెప్తోంది.

"మొదటిది దూకింది నాన్నా. రెండోది దూకింది. మూడోదానికి వస్తోంది. వస్తోంది..."

అక్కడ మాట ఆగిపోయింది.

గోధుమ మూడో కంచె ముందుకొచ్చి, కాళ్ళు నాటేసి, టక్కున ఆగింది. కదిరమ్మ ముందుకి విసురుగా వెళ్ళి దాని మెడ మీద పడింది. ఒక కాలు రికాబులోంచి ఊడింది. తల కిందికి వేలాడింది, జడ కొస నేలకి జానెడు ఎత్తులో ఊగింది.

"ఏమైందే? చెప్పవే!" అన్నాడు తాత.  లింగమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, దబ్బుమన్న చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. చప్పుడు రాలేదు.

కదిరమ్మ రెండో తొడ జీనుని పట్టుకునే ఉంది. ఆ గరుకు తోలు ఆమెని వదల్లేదు. మెల్లగా జుట్టు పట్టుకుని పైకి పాకింది, గోధుమ జుట్టే, తనది కాదు. సర్దుకుని కూర్చుంది. రికాబులో కాలు పెట్టింది. గోధుమ మెడ తట్టి, వెనక్కి తిప్పి, దూరంగా తీసుకెళ్ళి, మళ్ళీ పరిగెత్తించింది. ఈసారి గోధుమ దూకింది.

సుంకన్న పరిగెత్తుకొచ్చి, కంచె ముందు మోకాళ్ళ మీద వంగి, దుమ్ములో వేలి గుర్తో కాలి గుర్తో ఉందేమోనని వెతికాడు. అటు వెతికాడు, ఇటు వెతికాడు. లేచి దొర వైపు తిరిగి, "తగల్లేదు" అని కేకేశాడు.

మొదటి బహుమానం వేరే ఊరి రౌతుకి వచ్చింది. ఆయన గుర్రం మూడు కంచెలూ ఆగకుండా దూకింది కదా, ఆయనకే రావాలి. కదిరమ్మకి ఏ బహుమానమూ లేదు. గోధుమని ఇంటికి తోలుకుపోవచ్చన్నారు, అంతే. లింగమ్మ వచ్చి దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. జనం తోసుకుంటున్నా అలాగే నిలబడింది.

ఆ తర్వాత ముగ్గురూ ఇంటిదారి పట్టారు. కోట దాటి కొంత దూరం వచ్చాక కదిరమ్మ ఆగింది.

"తాతా, నువ్వెక్కు."

"నేనా?" అన్నాడు తాత.

ఓబన్న తాత పదేళ్ళ వయసు నుంచీ జీన్లు కుడుతున్నాడు. ఎన్ని కుట్టాడో ఆయనకే లెక్క లేదు. ఒక్కసారి కూడా గుర్రమెక్కలేదు. ఎవరూ ఎక్కమనలేదు, ఆయనా అడగలేదు.

లింగమ్మ ఒక పక్క పట్టుకుంది, కదిరమ్మ ఇంకో పక్క పట్టుకుంది, దారి పక్క బండ మీంచి తాతని ఎక్కించారు. తాత రెండు చేతులతో జీను తడుముకుని, రికాబుల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. కదిరమ్మ కళ్ళెం పట్టుకుని నడిచింది. గోధుమ మెల్లగా అడుగులేసింది. కొండగాలి తాత మొహానికి తగిలింది. గాలి అంత పైన తగలడం ఆయనకి కొత్త.

"ఇంత ఎత్తా?" అన్నాడు.

"భయంగా ఉందా తాతా?"

"ఉంది. దింపకు."

కదిరమ్మ దింపలేదు. ఇల్లు వచ్చినా ఆగకుండా, ఊరు చుట్టూ ఒకసారి తిప్పింది.

కథ నడిచి కంచి చేరె,
గుర్రం నడిచి కొట్టం చేరె,
నిద్ర నడిచి నీ రెప్పల మీద వాలె,
మనం ఇంట్లోనే ఉన్నాం, ఇంకెక్కడికీ పోనక్కర్లే.