తొమ్మిదో గ్రీన్ చుట్టూ తాడు

శిష్యుడు ధర్మసందేహం అడిగితే విశ్వపతి గారు శాస్త్రం విప్పేవారు కాదు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఎవడికి ఎంత అర్థమైతే అంతే ప్రాప్తం. ఆయన దగ్గర అవధానం నేర్చుకున్న మా అందరికీ ఆ అలవాటంటే కాస్త కోపం, చాలా భయం.

శశిధర్ మొదటి అష్టావధానం దగ్గరపడింది. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అడుగుతుంటే అప్పటికప్పుడు పద్యం అల్లి చెప్పాలి. సభ పెడుతున్న పెద్దమనిషి వాణ్ణి పక్కకు పిలిచి, ప్రశ్నలు ముందే పంపిస్తాను, పద్యాలు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని రమ్మన్నాడట. మంత్రిగారు వస్తున్నారు, నువ్వు తడబడితే నా పరువు గంగలో కలుస్తుంది, కుదరదంటే ఇంకొకణ్ణి చూసుకుంటాను అని కూడా అన్నాడట. ఆ వేదిక కోసం శశిధర్ ఏళ్ళ తరబడి కాచుకున్నాడు. వచ్చి గురువుగారి ఎదుట కూర్చున్నాడు.

"పద్యాలు నావే కదా గురువుగారూ. ఇంట్లో అల్లితే ఏం, సభలో అల్లితే ఏం?"

నాకు ఒళ్ళు మండింది. గురువుగారు మాత్రం కోప్పడలేదు. తమ అన్నగారి కూతురు హైమ సంగతి ఎత్తారు.

హైమ గడ్డి పెంపకం చదువుకున్న పిల్ల. విశాఖ దగ్గర ఒక గోల్ఫ్ క్లబ్బులో మైదానమంతా ఆమె అజమాయిషీలో ఉండేది. అక్కడ బంతి పడే గుంట చుట్టూ నున్నటి గడ్డిమడి ఒకటి ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. వాన నీరు నిలవకుండా దాని అడుగున ఇసుక పోస్తారు. ఆ ఇసుక మీద పచ్చిక రావాలంటే విత్తనం చల్లి నెలల తరబడి కాపలా కాయాలి. లేదా ఎక్కడో పెంచిన గడ్డిని మట్టితో సహా చాపల్లా కోయించి తెచ్చి పరిచేయాలి. చాపలైతే పొద్దున బోడినేల, సాయంత్రానికి పచ్చిక.

క్లబ్బు అధ్యక్షుడు నరసరాజు గారికి ఎప్పుడూ సాయంత్రానికే కావాలి. సాధన కోసం ఉన్న చిన్న గ్రీన్‌ను హైమ వద్దంటున్నా అంతకుముందే చాపలతో వేయించాడు. తర్వాత క్లబ్బు భవనం ఎదురుగా ఉన్న తొమ్మిదో గ్రీన్‌ను తవ్వి కొత్తగా కట్టారు. హైమ దానికి విత్తనం చల్లించి చుట్టూ తాడు కట్టింది. ఇంతలో పెద్ద పోటీ ఒకటి ఖాయమైంది. రాజుగారు లారీడు చాపలు తెప్పించి, ఆ బోడిగుండు అతిథులకు చూపిస్తావా, ఈ పూటే పరిపించు, లేదా వేరే ఉద్యోగం చూసుకో అన్నాడు. హైమకు ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదు.

ఆమె ఆయన్నీ కమిటీ వాళ్ళనూ చిన్న గ్రీన్ దగ్గరకు తీసుకెళ్ళింది. చూడ్డానికి కళకళలాడుతోంది. గొంతుక్కూర్చుని అంచు కింద వేళ్ళు దూర్చి లాగింది. పెళ్ళిపందిట్లో జంపఖానా చుట్టినట్టు లేచి వచ్చేసింది. అడుగున ఇసుక పోసిననాటి ఇసుకలాగే ఉంది. గడ్డి తనతో తెచ్చుకున్న బంకమట్టిలోనే వేళ్ళు చుట్టుకుని కూర్చుంది తప్ప, ఒక్కటీ కిందికి దిగలేదు.

"పచ్చగానే ఉందండి. ఇక్కడిది మాత్రం కాలేదు" అంది హైమ.

పైన పటారం, లోన లొటారం. అందరూ వంగి చూశారు. రాజుగారి ముఖం కందగడ్డయింది. ఇక్కడ ఎవరి మాట చెల్లుతుందో తెలుసా అని అడిగాడు.

"నన్ను తీసేసే అధికారం మీకుంది రాజుగారూ. వేరు దింపే అధికారం మీకూ లేదు, నాకూ లేదు."

ఆ మాట అని హైమ నేరుగా తొమ్మిదో గ్రీన్ దగ్గరకు వెళ్ళి, తాడుకు ఆనించి కుర్చీ వేసుకుని కూర్చుంది. కూలీలు చాపలు దించడానికి వచ్చారు, ఆమెను చూసి ఆగిపోయారు. ఆడపిల్లను కుర్చీతో సహా ఎత్తి అవతల పెట్టమనడానికి రాజుగారికి నోరు రాలేదు. పోటీ జరిగింది. పక్కనే తాత్కాలికంగా ఇంకో గుంట తవ్వుకుని ఆడారు. వెంట్రుకల్లాంటి మొలకలున్న ఆ మట్టిని చూసి అతిథులు నవ్వుకున్నారు. మర్నాడు హైమను ఉద్యోగంలోంచి తీసేశారు.

గురువుగారు అక్కడ ఆపారు. శశిధర్ తల దించుకుని, ఉద్యోగం పోయింది కదండీ అన్నాడు. పోయింది, ఆ గ్రీన్ మీద ఇవాళ్టికీ ఆడుతున్నారు అన్నారు గురువుగారు.

మావాడు బుద్ధిమంతుడే గాని, వాదన వదిలే రకం కాదు. అయితే చాపలు ఎందుకూ పనికిరావా అని అడిగాడు.

"ఎందుకు రావు? లారీలో వచ్చిన చాపలన్నీ వెళ్ళేముందు, ఆటకు అడ్డంగా తవ్విన ఇసుక గుంటల గట్లకు ఆమే పరిపించింది. వాలులో విత్తనం చల్లితే మొదటి వానకే కొట్టుకుపోతుంది."

ఆయన ఉత్తరీయం దులుపుకుని లేచారు.

"సభ మొదట్లో చదివే ప్రార్థన పద్యం ఇంటి దగ్గరే రాసుకో నాయనా. ఆ తర్వాత నేల బోడిగా కనబడితే కనబడనీ."