మూలన పాతిన కొక్కెం

అనగనగా ఒక పెద్ద ఏరు. ఏటి నడుమ ఒక లంక. లంకలో నూరు గడప. ఏరు పొంగిందంటే ఆ నూరిళ్ల వాళ్లూ ఒడ్డుకు చేరడానికి ఒక్క బల్లకట్టే దిక్కు.

బల్లకట్టు తాడును పట్టి ఉంచే ఇనుప కొక్కేన్ని ఒడ్డున గచ్చు దిమ్మెలో పాతాలి. దిమ్మె మూల దగ్గరే నీళ్లు లోతు, బల్లకట్టు వచ్చి ఆనగలిగేది అక్కడే. అందుకని కొక్కెం మూలనే ఉండి తీరాలి.

రాజుగారి కట్టడాల పెద్ద గుండనామాత్యుడు బొటనవేలంత లావు కొక్కెం పాతించాడు. ఏరు ఒక్క గుంజు గుంజింది. ఊడిపోయింది.

"లావు చాల్లేదు" అన్నాడు అమాత్యుడు.

మణికట్టంత లావుది పాతించాడు. అదీ ఊడింది.

"ఇంకా లావు కావాలి!"

ఈ మాట ముసలి కమ్మరి బసవోజు చెవిన పడింది. పంచె ఎగగట్టి ఏట్లో దిగాడు. ఊడిన కొక్కేలు రెండూ వెతికి లాగాడు. రెండింటికీ గచ్చు ముక్కలు అంటుకునే ఉన్నాయి. లావు కొక్కేనికి మరీ పెద్ద ముక్క. ఇనుము మాత్రం రవ్వంత కూడా వంగలేదు.

తడిబట్టలతోనే సభకు పోయాడు.

"ప్రభూ, తప్పు ఇనుముది కాదు. మూలకు రెండు పక్కలా ఏముంది? గాలి! కొక్కెం దేన్ని పట్టుకుని నిలబడుతుంది?"

"ఓనమాలు రాని ముసలాడు మనకు కట్టడం నేర్పుతాడట!" అని అమాత్యుడు నవ్వాడు. సభంతా నవ్వింది.

ఆ నవ్వును బసవోజు మరిచిపోలేదు. చచ్చేదాకా మరిచే మనిషి కూడా కాడు.

"ఒక బెల్లం అచ్చు తెప్పించండి" అన్నాడు.

అచ్చు మూలన సన్న మేకు గుచ్చి లాగాడు. మూల ఊడింది. ఇంకో మూలన లావు మేకు గుచ్చి లాగాడు. ఇంకా పెద్ద మూల ఊడింది. ఈసారి పొడుగాటి సన్న ఊచను కాల్చి, మూల నుంచి ఏటవాలుగా అచ్చు పొట్టలోకి దించి, అవతల తేలిన కొసను వంచాడు. లాగితే మూల ఊడలేదు. అచ్చే గాల్లోకి లేచింది!

రాజు ముందుకు వంగాడు. "నెల రోజుల్లో వరద వస్తుంది. చేయగలవా?"

"చేసి తీరతాను."

బసవోజు పొడుగాటి ఇనుప ఊచను మూల నుంచి ఏటవాలుగా దిమ్మె పొట్టలోకి దించి, చుట్టూ కొత్తగా గచ్చు కట్టించసాగాడు. బెత్తెడు తేడా వచ్చిందని ఒకసారి, సున్నం సరిగా నానలేదని ఒకసారి, కట్టిందంతా పీకించాడు.

"బెత్తెడే కదా తాతా!" అన్నారు కూలీలు.

"ఆ మాట ఏటికి చెప్పు, వింటుందేమో."

వరద వచ్చింది. మొదటి విడత తల్లులూ పిల్లలూ దాటారు. రెండో విడత ముసలివాళ్లు. ఆఖరి విడతలో మిగిలినవాళ్లు, వాళ్లను పిలుచుకు రావడానికి లంకకు పోయిన అమాత్యుడూ ఎక్కారు. నడి ఏట్లో కొట్టుకొచ్చిన మాను ఒకటి బల్లకట్టును ఢీకొట్టింది. తాడు వింటినారిలా బిగిసింది.

దిమ్మె మూల నుంచి చిటికెడు సున్నం కూడా రాలలేదు.

అమాత్యుడు ఒడ్డెక్కి, చేతులు జోడించాడు. బసవోజు ఆ మొహం వంక చూడనైనా లేదు.

"కాస్త పక్కకు జరగండి. మూల చూసుకోవాలి" అన్నాడు.

చూశారా పిల్లలూ! పాతేదాన్ని ఎంత లావు చేసినా లాభం లేదు. పట్టి ఉంచేదాని బలం తెలుసుకుని, దాని గుండెదాకా పోయి పట్టు సంపాదించిన పనే నిలుస్తుంది.